చల్లని గడ్డ

మోటారు బాయి దగ్గర జమున చూసింది ఒక్క రెప్పపాటే. తడిచీర మార్చుకోవడానికి దుర్గమ్మ చెయ్యి పైకెత్తింది. ఎడమ రొమ్ము కింది భాగంలో చర్మం బత్తాయి తొక్కలా గుంటలు పడి కనిపించింది. అంతలోనే పొడిచీర దాన్ని కప్పేసింది. "పెద్దమ్మా, రేపు నా దగ్గరికి రా" అంది జమున. పెన్‌పహాడ్ దగ్గరి తండాలో పుట్టి, ఇప్పుడు చివ్వెంల సబ్ సెంటర్‌లో నర్సుగా చేస్తున్న పిల్ల జమున. దుర్గమ్మ సరేనంది, రాలేదు. నాలుగు రోజులు ఎదురుచూసి ఐదోనాడు పొద్దున్నే జమున తానే సూర్యాపేట గొర్రెల అంగడికి బయలుదేరింది. ఆ రోజు దాటితే దుర్గమ్మ దొరకదు. అంగడి కాగానే ఆమె, పెనిమిటి సోమయ్య మందను తోలుకుని త్రిపురారం వైపు కాలువ కింది పొలాలకు వెళ్ళిపోతున్నారు. కోతలైన మళ్ళలో మంద పెట్టుకుంటూ పోయినవాళ్ళు ఇంటిముఖం చూసేది ఉగాది దాటాకే.

అంగడిలో ఆ పొద్దు మనుషులకంటే ముందు గొంతులు వచ్చాయి. పుష్యమాసపు మంచు మైదానం మీద అంత దట్టంగా దిగింది. అందులోంచి ఒక పొట్టేలు కొమ్ము తేలి వస్తుంది, దాని వెనక ఒక తలపాగా, ఆ తర్వాత ఒక చుట్ట నిప్పు. చూస్తుండగానే మూడూ మళ్ళీ కరిగిపోతాయి. ఎవరి గొర్రె ఎవరి కాళ్ళ మధ్య నడుస్తోందో తెలియదు. అందరూ కలలో నడిచినట్టు మెల్లగా, చేతులు ముందుకు చాపుకుని నడుస్తున్నారు.

అలాంటి పొద్దు దుర్గమ్మకు అచ్చివచ్చే పొద్దు. మంచు కళ్ళకే అడ్డం, చేతులకు కాదు. ఆమెకు యాభై ఏళ్ళు. ముప్పై ఏళ్ళుగా గొర్రెలు కొని అమ్ముతోంది. నడుము మీద బొటనవేలు ఒత్తితే కండ ఎంతో చెబుతుంది. పెదవి ఎత్తి పళ్ళు తడిమితే వయసు చెబుతుంది. డొక్కలో అరచెయ్యి ఆనించి కళ్ళు మూసుకుంటే లోపల పిల్ల ఒకటో రెండో చెబుతుంది. అబద్ధం చెప్పే నోళ్ళను ఎన్నో చూసింది గాని, తన చేతికి అబద్ధం చెప్పిన గొర్రెను ఇంతవరకూ చూడలేదు. ఆ నమ్మకమే ఆమె పెట్టుబడి. పెట్టుబడి ఎక్కువ పెట్టిన చోటే మనిషికి చూపు తగ్గుతుందని అంగడి తెలిసినవాళ్ళు ఎవరైనా ఒప్పుకుంటారు.

దళారి సైదయ్య తెచ్చిన నాలుగు గొర్రెల్లో చివరిదాని పొదుగు కింద ఆమె చెయ్యి ఆగింది.

"ఎడమ దిక్కు గడ్డున్నది సైదన్నా."

"నీకు తెల్వకుండ అంటగడుదామనుకున్న. నీ చేతికి జరంత కల్లు తాపాలె, అప్పుడు గాని మాకు బతుకు లేదు."

"ఉడుకు గడ్డయితే వద్దే వద్దు. మూడొద్దులల్ల పొదుగును కుళ్ళబెడ్తది, గొర్రెను సంపుతది." దుర్గమ్మ రెండు వేళ్ళతో నొక్కింది. గొర్రె కదల్లేదు, నెమరు ఆపలేదు. "గిది సల్లగున్నది. రాయోలె ఉన్నది, నొప్పి లేదు. పాత గడ్డ, ఎండిపోయింది. ఒక దిక్కు పాలు పోయినా ఇంకో దిక్కు పిల్ల తాగుతది. తీస్కుంట. ధర మాత్రం నేను చెప్పిందే."

సైదయ్య భుజం మీది తువ్వాల తీసి ఇద్దరి చేతుల మీదా కప్పాడు. గొర్రెల అంగడిలో బేరం నోటితో ఆడరు. తువ్వాల కింద వేళ్ళు వేళ్ళను పట్టుకుని అడుగుతాయి, వేళ్ళే జవాబు చెబుతాయి. పక్కనున్నవాడికి కనిపించేది రెండు ముఖాలే. ఆ కాసేపు అవి నిద్రలో ఉన్న ముఖాల్లా ఉంటాయి. తువ్వాల రెండుసార్లు కదిలి ఆగింది. బేరం తెగింది.

"గదే లెక్క నీక్కూడ ఏస్కున్నవా పెద్దమ్మా?"

మంచులోంచి ముందు మాట వచ్చింది, ఆ తర్వాత తెల్లచీర, చివరికి చలికి ముక్కు ఎర్రబడ్డ జమున.

"సూదుల సిస్టరమ్మ వచ్చింది" అన్నాడు సైదయ్య. "మా గొర్రెలకు ఏం రోగాలు లేవమ్మా. నువ్విట్ల తిరిగితే మా సరుకు అమ్ముడువోదు."

"గొర్రెలకు కాదు మామా, నీ నోటికి ఏద్దామని వచ్చిన."

"నా నోటికి సూది దిగదు, మందుసీసా అయితే దిగుతది." సైదయ్య నవ్వుకుంటూ నాలుగు గొర్రెలనూ తాడుకు కట్టి చాయ్ కోసం వెళ్ళాడు. నాలుగడుగుల్లోనే మంచు అతన్ని మింగేసింది, నవ్వు మాత్రం ఇంకాసేపు వినిపించింది.

"ఏం లెక్క?" అంది దుర్గమ్మ, తెలియనట్టు.

"సల్లగున్నది, నొప్పి లేదు, ఎండిపోయింది. నీ ఎనకనే నిలవడి అంత ఇన్న."

దుర్గమ్మ కొంగు సర్దుకుంది. అబద్ధం ఆడవలసిన చోటు కాదని ఆమెకు తెలుసు. సరుకు చూసేసినవాడి ముందు దాచడం అనవసరపు శ్రమ. "అవును, ఏస్కున్న. మొన్నటి దసరకు తానం చేస్తుంటె చేతికి తగిలింది, రేగుపండంత. మూడు నెలలాయె. ఒక్కనాడు నొయ్యలే, ఉడుకు లేదు. రాచపుండయితే, గా క్యాన్సరయితే మండుతది, సీము కారుతది. నాకేమున్నది? ఇన్నేండ్లు మందల చేతులు పెట్టినదాన్ని, గామాత్రం తెల్వదా?"

"కూసోని మాట్లాడుదాం. మంచుకు తడుస్తున్న."

అంగడి గోడవారన ఇద్దరూ కూర్చున్నారు. దుర్గమ్మ తన గొంగడి విప్పి ఇద్దరి తలల మీదుగా కప్పింది. లోపల వెచ్చటి చీకటి. నేతలోని సన్నని రంధ్రాల్లోంచి పగటి వెలుగు చుక్కలు చుక్కలుగా దిగుతోంది. ఉన్ని వాసన, పాల వాసన. బయట గొర్రెల అరుపులు ఎక్కడో నీళ్ళ అవతలి గట్టు నుంచి వస్తున్నట్టున్నాయి. దుర్గమ్మ చిన్నప్పుడు వానపడితే అమ్మ ఇలాగే గొంగడిలోకి లాక్కునేది. ఆ చీకట్లోనే కూతురి చెయ్యి పట్టుకుని ఈనబోయే గొర్రె డొక్క మీద పెట్టి, "తెలుస్తుందా? గది తల. గిది కాలు" అనేది. దుర్గమ్మకు కళ్ళు మూతలు పడుతున్నాయి. ఎవరో పిల్ల పక్కన కూర్చుని ఏదో అడుగుతోంది.

"పెద్దమ్మా, నీ మందల అన్నిటికంటె ముసలి గొర్రెకు ఎన్నేండ్లు?"

"ఆరు. మా అంటె ఏడు. పళ్ళు రాలితె మెయ్యదు. కోతకు ఇచ్చేస్తం."

"సల్లటి గడ్డున్న గొర్రె పదేండ్లకు ఏమైందో సూసినవా?"

"పదేండ్లు గొర్రెను ఎవరుంచుకుంటరే, పిచ్చిదానా."

"మీ అమ్మ సూసిందా?"

"ఎవరూ సూడరు."

"మరి సల్లటి గడ్డ ఏం చెయ్యదని ఎట్ల చెప్తున్నవ్?"

దుర్గమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా గొంగడి చుక్కల వెలుగు. ముప్పై ఏళ్ళలో వందల పొదుగులు తడిమింది. చల్లని గడ్డ ఉన్న ప్రతి గొర్రే ఆమె చూసినంత కాలం బాగానే మేసింది, బాగానే నడిచింది. కాని ఆ చూసినంత కాలం ఎంత? రెండేళ్ళు, మూడేళ్ళు. ఆ తర్వాత కోతకు వెళ్ళిపోయింది. గడ్డ తన పని మొదలుపెట్టేలోపే గొర్రె చెయ్యి మారిపోయింది. ఇన్నాళ్ళూ తాను పూర్తి అనుకున్న లెక్క సగం దగ్గరే తెగిపోయి ఉందని ఆమెకు ఆ క్షణంలో తెలిసింది. తెలిసినా, వెంటనే ఒప్పుకోవడం వ్యాపారి లక్షణం కాదు.

"గొర్రె ముచ్చట వేరు, మనిషి ముచ్చట వేరు" అంది.

"గదే నేనూ అంటున్న. నువ్వు గొర్రె కంటె ఎక్కువ రోజులు బతకాలె." జమున గొంతు తగ్గించింది. "ఉడుకున్న గడ్డ, నొప్పి పెట్టే గడ్డ నిన్ను పరేషాన్ చేసి అదే దవాఖానకు తోలుకపోతది. సప్పుడు చెయ్యకుండ కూసున్నదాన్నే మనం ఎతికి పట్టుకోవాలె. నొప్పి లేదంటె రోగం లేదని కాదు. నేను పనిల చేరిన మొదటి ఏడు కోదాడ దిక్కు ఏసిన్రు. ఒకామె వచ్చింది. రొమ్ము మొన లోపలికి గుంజుకపోయి, నెత్తురు చుక్కలు పడుతున్నయ్. ఎన్నాళ్ళాయెనమ్మా అంటె, 'ఏడాదైందండీ, నొప్పి లేదు గదా అని ఊరుకున్నాను' అన్నది."

"తర్వాత?"

"తర్వాత నొప్పి వచ్చింది. అప్పుడే నా దగ్గరికొచ్చింది."

ఎవరో కాపరి మందను అదిలిస్తూ గొంగడి పక్కగా వెళ్ళాడు. గిట్టల చప్పుడు వానలా వచ్చి వానలా వెళ్ళిపోయింది.

"అంటె నాది గదేనా?"

"తెల్వది. చానా గడ్డలు ఒట్టియే ఉంటయ్. ఏది ఒట్టిదో ఏది కాదో నా చేతికి తెల్వది, నీ చేతికి కూడ తెల్వది. కాని నీకు తోలు గుంటలు పడ్డది. గది నాకు నచ్చలే. మిర్యాలగూడల శాంతకుమారి డాక్టరమ్మ ఉన్నది. సూదితోని జరంత తీసి పట్నం పంపిస్తది. ఆడ అద్దాల కింద పెట్టి సూస్తరు. చిన్నగున్నప్పుడు దొరికితె తీసేస్తరు, మందులిస్తరు, మనిషి బతుకుతది. లేటయితెనే కష్టం."

"ఉగాదికి వచ్చినంక పోదాం తియ్యి."

"ఇయ్యాల్నే."

"ఇయ్యాల మంద కదుల్తది."

"కదలనియ్. దానికి నాలుగు కాళ్ళున్నయ్."

దుర్గమ్మకు నవ్వు వచ్చింది, అంతలోనే పోయింది. లోపల అడుగున ఉన్న మాట ఇంకా బయటికి రాలేదు. బేరంలో చివరిదాకా దాచుకునే మాట అది. గొంగడి చీకటి లేకపోతే బహుశా చెప్పేదే కాదు.

"మొత్తం కోసేస్తరంట గదనే. మా ఆయన ముందల ఎట్ల నిలవడాలె? పొదుగు లేని గొర్రెను ఎవరు కొంటరు?"

"నిన్ను ఎవరు అమ్ముతున్నరు పెద్దమ్మా?"

గొంగడి రంధ్రాల్లో వెలుగు కొంచెం పసుపు రంగుకు తిరిగింది. బయట ఎండ వస్తోంది.

"నేను ముట్టను" అంది జమున. "నువ్వే సూసుకో. గొర్రెకు పాలు పిండినట్టు పట్టి గుంజొద్దు. మూడు వేళ్ళు పరిచి, గుండ్రంగ తిప్పుకుంట, బయటి నుంచి లోపలికి రా. ముందు కుడి దిక్కు. మంచిది ఎట్లున్నదో తెలిస్తెనే చెడ్డది తెలుస్తది. నెలకోసారి ఏ ఆడదైనా గిట్ల సూసుకోవాలె. మాకు ట్రైనింగ్‌ల గట్లనే చెప్పిన్రు."

ఇన్ని పొదుగులు తడిమిన ఆ చెయ్యి తన ఒంటిని ఎన్నడూ తడిమి చూడలేదు. స్నానానికి సబ్బు రాసింది, పిల్లలకు పాలిచ్చినప్పుడు సర్దుకుంది, అంతే. ఇప్పుడు రవికె ముడి విప్పుకుని కళ్ళు మూసుకుంది. కుడి పక్క మెత్తగా, తడిపిన బియ్యపు మూటలా, వేళ్ళు ఎటు పోతే అటు జరిగింది. ఎడమ పక్కకు వచ్చింది. కింది భాగంలో గడ్డ తగిలింది. దాన్ని పక్కకు జరపబోయింది, జరగలేదు. లోపల దేనికో వేరు పట్టినట్టుంది. దసరాకు రేగుపండంత అనుకున్నది ఇప్పుడు పెద్ద ఉసిరికాయంత ఉంది. గొర్రె గడ్డ వేళ్ళ కింద గోలీలా ఆడుతుంది. ఇది ఆడటం లేదు. తన చెయ్యి తనకే నిజం చెబుతోంది, ఎవరి సరుకు గురించో చెప్పినట్టు, నిదానంగా, దాపరికం లేకుండా.

"చంకల కూడ సూడు" అంది జమున.

వేళ్ళు పైకి నడిచాయి. చంకలోని గుంటలోకి వెళ్ళి ఒకసారి గుండ్రంగా తిరిగాయి, రెండోసారి తిరగబోయి ఆగాయి. ఇంకో గడ్డ, కందిగింజంతే. గట్టిగా, చల్లగా, కదలకుండా.

"ఏమైంది?"

"ఏం లేదు." దుర్గమ్మ రవికె ముడి వేసుకుంది. గొంగడి తీసి మడిచింది. బయట మంచు విరిగి, అంగడి అంతా ఒక్కసారిగా కనిపించింది. ఇంతసేపూ పక్కనే ఇంతమంది ఉన్నారా అనిపించింది. "మిర్యాలగూడ బస్సు ఎన్నిటికి?"

సైదయ్యకు చెప్పవలసింది చెప్పింది. "గీ నాలుగింటిని మా ఆయనకు అప్పజెప్పు. మిర్యాలగూడ కాడ ఏదో మంద అమ్మకానికున్నదట, సూసి అటుకెళ్ళి త్రిపురారం వస్తనని చెప్పు." సైదయ్య ఒకసారి జమున వైపు చూశాడు, ఒకసారి దుర్గమ్మ వైపు చూశాడు. తర్వాత గొర్రెల తాడు అందుకున్నాడు.

పదకొండు గంటల బస్సు ఒంటిగంటకు కదిలింది. చలికాలపు ఎండ కిటికీలోంచి ఒళ్ళో పడుతోంది. పొలాలు, గడ్డివాములు, కొంగలు ఒకే తెల్లటి వరుసగా జారిపోతున్నాయి. జమున ఏదో చెబుతోంది, డాక్టరమ్మ ఎలా మాట్లాడుతుందో, ఏమేమి అడుగుతుందో. దుర్గమ్మ వింటూ వింటూ కునుకులోకి జారింది. కునుకులో గొర్రెలు. నేల కనపడకుండా గొర్రెలు, కాలువ నీళ్ళలా రెండు పాయలుగా చీలి, మధ్యలో నిలబడ్డ తనను తాకకుండా వెళుతున్నాయి. వాటిలో ఏది తనదో వెతుకుతోంది. అన్నీ తనవే.

కళ్ళు తెరిచేసరికి బస్సు ఆగి ఉంది. కిటికీ కింద నిజంగానే గొర్రెలు. మూసీ వంతెన ముందర రోడ్డంతా నిండి, బస్సుకు రెండు పక్కలా పారుతున్నాయి. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. చెవి చివర నీలం రంగు గుర్తులు చూసి దుర్గమ్మకు మెలకువ పూర్తిగా వచ్చింది. తన మందే. ముందర సోమయ్య తమ్ముడు జానయ్య అదిలిస్తున్నాడు. వెనక, పొద్దున కొన్న నాలుగు గొర్రెల తాడు పట్టుకుని, సోమయ్య.

అతను తలెత్తాడు. కిటికీ దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"మిర్యాలగూడల అమ్మకానికున్న మంద ఎవరిది? నాకు తెల్వని మంద?"

గొర్రెల గురించి ఎన్ని అబద్ధాలైనా ఆడగల మనిషి దుర్గమ్మ. పక్కూరి పేరు, ఒక కాపరి పేరు, ఎన్ని తలలో, అన్నీ నాలుక చివర్న సిద్ధంగా ఉన్నాయి. సోమయ్య చూపు ఆమె మీద నుంచి పక్కనున్న తెల్లచీర మీదికి జరిగింది. నాలుక చివర్న ఉన్నవన్నీ ఎండిపోయాయి.

"మందేం లేదు" అంది. "నా రొమ్ముల గడ్డున్నది. దవాఖానకు పోతున్న. చంకల ఇంకొకటి ఉన్నది."

జమున చప్పున ఆమె వైపు తిరిగింది. రెండోది ఆమెకు తెలియదు. ముందు సీట్లోని ఇద్దరు ఆడవాళ్ళు మాటలు ఆపారు. కండక్టర్ నోట్లో విజిల్ పెట్టుకుని ఊదకుండా నిలబడ్డాడు. గొర్రెలు మాత్రం వెళుతూనే ఉన్నాయి.

సోమయ్య కర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని కాసేపు నేల చూశాడు.

"చంకలది నాకు తెల్వది" అన్నాడు.

దుర్గమ్మకు ఆ మాట అర్థం కావడానికి రెండు మూడు గొర్రెలు దాటేంత సేపు పట్టింది.

"అంటె?"

"రొమ్ములది ఎరుకే. మొన్నటి దసరకు కాదు. దాని ముందటి దసరకు. చిన్నగ ఉండె, బటానీ గింజంత. నా చేతికి తగిలింది. చెప్తె బుగులు వడ్తవని..." తాడు చేతికి చుట్టుకున్నాడు. "సల్లగున్నది గద అనుకున్న."

చివరి గొర్రె దాటింది. కండక్టర్ విజిల్ ఊదాడు. బస్సు కుదుపుతో కదిలింది. సోమయ్య నాలుగడుగులు కిటికీతో పాటు నడిచి, తాడు కాళ్ళకు చుట్టుకుని ఆగిపోయాడు. దుర్గమ్మ వెనక్కి తిరిగి చూడలేదు. ఒళ్ళో చేతులు పెట్టుకుని కూర్చుంది. మూడు నెలలని ఆమె అనుకున్న రోగం ఆమెకు తెలియకుండా ఆమె పక్కలోనే ఎన్నాళ్ళు పడుకుందో, ఆ లెక్క ఆమెకు అందడం లేదు.

పక్కన జమున బొటనవేలు మిగిలిన వేళ్ళ కణుపుల మీద మెల్లగా నడుస్తోంది.

"ఎన్ని నెలలైతయే?"

"పదిహేను."

"పదిహేనైతె?"

జమున లేచి, ఊగుతున్న కడ్డీలు ఒక్కొక్కటే పట్టుకుంటూ ముందుకు నడిచి, డ్రైవర్ చెవి దగ్గర వంగింది.

"అన్నా, డాక్టరమ్మ నాలుగింటికి ఎళ్ళిపోతది. జర జల్ది పోనియ్."